సెకండ్‌హ్యాండ్ రికార్డర్ కొంటున్నారా? నాబ్ మరీ బిగువుగా ఉంటే ముందు అనుమానించండి

విజయనగరం, శ్రీకాకుళం చుట్టుపక్కల జముకుల కథలు, తప్పెటగుళ్ళు, గుడి భజనలు రికార్డు చేసుకునేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. కొత్త రికార్డర్ కొనే స్తోమత అందరికీ ఉండదు కాబట్టి పాతదే చూసుకుంటాం. అలా చూసుకుంటున్న ప్రతి ఒక్కరూ ఇది చదవాలని రాస్తున్నాను. నాకు పోయింది తొమ్మిదిన్నర వేలు. డబ్బు కంటే పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది, అదీ చెబుతాను.

విజయనగరంలోనే ఒక షాపులో దొరికింది. చేత్తో పట్టుకునే రికార్డర్, పైన రెండు మైకులు, పక్కన మైకులోకి వచ్చే శబ్దాన్ని పెంచి తగ్గించే ఇన్‌పుట్ లెవెల్ నాబ్. అక్కడే నిలబడి రెండు మాటలు మాట్లాడి రికార్డు చేసి విన్నాను, బాగానే ఉంది. నాబ్ తిప్పి చూశాను. కదిలింది గానీ చాలా బిగువుగా కదిలింది. "చూశారా సార్, పెద్దగా వాడలేదు, ఇంకా టైట్‌గానే ఉంది" అన్నాడు షాపతను. నమ్మాను. నాబ్ చుట్టూ నల్ల ప్లాస్టిక్ మీద తెల్లటి మచ్చ ఉంది, విభూతి అంటిన వేలితో తాకినట్టు. రుమాలుతో తుడిస్తే పోలేదు. పాత సరుకు కదా అని వదిలేశాను. అక్కడే ఆగి అడిగి ఉంటే ఈ పోస్టు రాసే పనే ఉండేది కాదు.

వారం తిరక్కుండానే బొబ్బిలి దాటి ఒక ఊరికి వెళ్ళాను. అక్కడొక తాత ఎల్లమ్మ కథ చెబుతాడు. ఆ వయసులో ఆ కథ మొత్తం నోటికి వచ్చినవాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. ఆయన మామూలుగా మాట్లాడుతుంటే లెవెల్ సరిపెట్టుకున్నాను. జముకు, అంటే తీగ మీటి వాయించే ఆ కథల వాయిద్యం, మొదలయ్యేసరికి శబ్దం మితిమీరిందని మీటర్ ఎర్రగా వెలిగిపోయింది. ఎప్పుడైనా జముకు పక్కన కూర్చున్నవాళ్ళకి తెలుసు, ఆ తీగ మీటితే నాదం కడుపులోకి దిగుతుంది. తగ్గిద్దామని నాబ్ తిప్పాను, కదల్లేదు. కాస్త గట్టిగా తిప్పాను. చిన్నగా 'టిక్' మన్న చప్పుడు వేలికి తగిలింది. ఆ తర్వాత నాబ్ గిరగిరా తిరుగుతోంది, లెవెల్ మాత్రం అక్కడే ఉంది. హెడ్‌ఫోన్‌లో ఎడమ చెవిలో ఒకటే బరబర, తాత గొంతు వస్తూ పోతూ ఉంది. కుడివైపు ఎర్ర గీత దిగనే లేదు. మధ్యలో ఆపమని పెద్దాయనకు చెప్పడానికి నోరు రాలేదు. నలభై నిమిషాలు చెప్పి, చెమట తుడుచుకుంటూ "ఏటి బాబూ, బాగా పడిందా?" అని అడిగాడు. ఆ క్షణంలో ఏం చెప్పాలో తెలియలేదు.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే ధ్వని తరంగాల తలలన్నీ కత్తిరించినట్టు చదునుగా ఉన్నాయి. రికార్డు అయ్యేటప్పుడే అలా తెగిపోయిన ధ్వని ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పూర్తిగా వెనక్కి రాదు.

నాకు తెలిసిన రేడియో మెకానిక్ ఒక పెద్దాయన విప్పి చూపించారు. అసలు జరిగింది ఇది. వదులైన నాబ్ ఊడి రాకుండా ఎవరో అందులో సూపర్‌గ్లూ చుక్క వేశారు. ఆ గమ్ నీళ్ళకన్నా పెద్ద చిక్కగా ఉండదు, సన్నటి సందు దొరికితే చాలు, తనంతట తనే లోపలికి పాకుతుంది. నాబ్ కూర్చునే కాడ వెంట దిగి, దాని కింద లెవెల్‌ని మార్చే భాగంలో, అంటే పాట్‌లో, ఆ కాడ తిరిగే గొట్టంలో కొంచెం గడ్డకట్టింది. నేను కొత్తదనం అనుకున్న బిగువు అదే. తెల్లటి మచ్చ ఆ గమ్ ఆరేటప్పుడు లేచిన ఆవిరి ప్లాస్టిక్ మీద పేరుకున్నది. నేను బలంగా తిప్పేసరికి ఇటు నాబ్ కాడ నుంచి వీడిపోయింది, అటు పాట్ కాళ్ళ దగ్గర టంకం పగిలింది. "తిప్పే చోట ఎప్పుడూ గమ్ వెయ్యకూడదు బాబూ" అన్నారాయన.

షాపుకి వెళ్తే "అమ్మేటప్పుడు బాగానే ఉంది కదా సార్" అన్న ఒక్క మాటే. బిల్లు తీసుకోకపోవడం నా తప్పు. మీరు మాత్రం సీరియల్ నంబర్ వేయించి బిల్లు తీసుకోండి. అది ఉంటే కనీసం 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేయడానికి చేతిలో ఆధారం ఉంటుంది.

డబ్బులిచ్చే ముందు హెడ్‌ఫోన్ పెట్టుకుని, రికార్డింగ్ ఆన్ చేసి, నాబ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా నాలుగైదు సార్లు తిప్పండి. బిగువు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండాలి. ఒక చోట పట్టి ఇంకో చోట వదిలితే తీసుకోవద్దు. తిప్పుతున్నప్పుడు బరబర వస్తే చాలాసార్లు లోపల దుమ్ము ఉందని అర్థం. అది బాగుపడే జబ్బే, కాని ధర తగ్గించమని అడగొచ్చు. నాబ్‌ని పక్కకి కొద్దిగా కదిపి చూడండి. కదిపినప్పుడు ఒక చెవిలో శబ్దం పోతే టంకం వదిలి ఉండొచ్చు, దాని జోలికి పోవద్దు. నాబ్ మీద గీత చివరికి చేరాక కూడా ఇంకా తిరుగుతుంటే కాడ మీద జారుతోందన్నమాట. ఆగకుండా టకటకమని గుండ్రంగా తిరిగేవి వేరే రకం, వాటికి చివరలుండవు, కంగారు పడకండి.

ఇప్పటికే మీ దగ్గరున్న రికార్డర్‌లో నాబ్ వదులైతే ఇంట్లోనే చేసుకోదగ్గ పని ఇది. ముందు నాబ్ పక్కన సన్నటి రంధ్రం ఉందేమో చూడండి, ఉంటే లోపల చిన్న మర ఉంటుంది. దానికి సరిపోయే అలెన్ కీతో, కాడ మీద చదునైన వైపున కూర్చునేలా బిగిస్తే పని అయిపోతుంది. మర లేకపోతే అది నొక్కి పెట్టే రకం. స్క్రూడ్రైవర్‌తో ఒక పక్క నుంచి ఎత్తితే కాడ వంగుతుంది. బూటు లేసుని నాబ్ కింద చుట్టి, రెండు కొసలూ పట్టుకుని నిటారుగా పైకి లాగండి. కాడ మీద ప్లంబర్లు వాడే తెల్లటి టెఫ్లాన్ టేపు ఒక్క చుట్టు చుట్టి నాబ్ మళ్ళీ నొక్కండి. చాలకపోతే ఇంకో చుట్టు. మందం ఎక్కువైతే నాబ్ పగులుతుంది, తొందరపడొద్దు. కాడ మధ్యలో చీలిక ఉండి, అది ఇనుమో ఇత్తడో అయితే బ్లేడు అంచుతో వెంట్రుకవాసి విడదీయొచ్చు. ప్లాస్టిక్ కాడని అలా చేస్తే విరిగి చేతిలోకి వస్తుంది.

నాబ్ తీశాక పాట్ కూడా ఊగుతుంటే దాని మెడ దగ్గర నట్టు వదిలి ఉంటుంది, సరైన స్పానర్‌తో బిగించండి. నట్టు లేకుండా బోర్డుకే అతికించిన పాట్ ఊగుతుంటే మెకానిక్ దగ్గరికే వెళ్ళాలి. బరబరకి ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ వాడండి. బ్యాటరీలు తీసేసి, కొద్దిగా కొట్టి, ఇరవై సార్లు తిప్పి, బాగా ఆరనిచ్చాక ఆన్ చేయండి. తలుపు బందులకి కొట్టే తుప్పు స్ప్రే వద్దు, లోపలి గ్రీజును కడిగేసి జిడ్డు మిగులుస్తుంది. గడ్డకట్టిన సూపర్‌గ్లూని అసిటోన్‌తో కరిగిద్దామనుకుంటే ఆగండి, చాలా రికార్డర్ల ప్లాస్టిక్ బాడీ కూడా దాంతో కరుగుతుంది.

నా రికార్డర్‌కి పాట్ మార్చడానికి ఆరు వందల యాభై అయింది. మీరూ మార్పిస్తే పాత దాని మీద అక్షరం చూసి అదే రకం వేయించండి. సాధారణంగా ఏ అని ఉంటే ధ్వనికి తగ్గట్టు మెల్లగా పెరిగేది, బీ అని ఉంటే సమానంగా పెరిగేది. ఏ బదులు బీ వేస్తే కాస్త తిప్పగానే శబ్దం ఒక్కసారిగా మీద పడుతుంది.

తాతను మళ్ళీ అడిగాను, దసరా వెళ్ళాక రమ్మన్నాడు. ఈసారి ఫోన్ కూడా పక్కన ఆన్ చేసి పెడతాను.

నిన్న ఆ షాపు ముందు నుంచి వెళ్తూ చూశాను, అద్దాల బీరువాలో ఇంకో రికార్డర్ పెట్టాడు. దాని నాబ్ చుట్టూ కూడా తెల్లగానే ఉంది.