షుగర్ సెన్సార్, పక్కన ఒక నోట్‌బుక్: రెండేళ్లు వాడాక నా మాట

చేతి వెనక అంటించుకునే షుగర్ సెన్సార్‌ను రెండేళ్లకు పైగా వాడుతున్నాను. నాది టైప్ 2 షుగర్ జబ్బు. ఇన్సులిన్ లేదు, మాత్రలే. సెన్సార్ మంచిదే, కానీ ఏం తిన్నామో రాసుకునే అలవాటు లేకపోతే దానికి పెట్టిన డబ్బు సగం దండగ. షుగర్ గ్రాఫ్ ఎన్నింటికి లేచిందో అది చూపిస్తుంది. ఎందుకు లేచిందో మన నోట్‌బుక్కే చెప్పాలి. టైము, తిన్నది, ఎన్ని గరిటెలు, మాత్ర, నడక, నిద్ర: నేను రాసేవి ఇవే.

మూడు ఇడ్లీలు తింటే గంట తిరిగేసరికి నాకు 200 దాటేది. రెండు పెసరట్లు తిన్న రోజు 150 దగ్గరే ఆగేది. అందరికీ ఇలాగే ఉంటుందని కాదు, ఎవరి ఒంటి తీరు వారిది. అన్నం మానలేదు. ముందు కూర, పప్పు తిని, తర్వాత కొద్దిగా అన్నం తిని, పావుగంట నడుస్తాను. ఆ రోజుల్లో గ్రాఫ్ అంతగా పైకి లేవదు.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది పరగడుపు షుగర్ సంగతి. రాత్రి రెండు పుల్కాలతో సరిపెట్టుకున్నా పొద్దున 150 వచ్చేది. గ్రాఫ్ చూస్తే అర్ధరాత్రి 115 దగ్గర నిలకడగా ఉండి, నాలుగింటి నుంచి మెల్లగా ఎక్కుతోంది. తెల్లవారుజామున కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరిగి, కాలేయం గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుందని డాక్టరుగారు వివరించారు. నోట్‌బుక్, గ్రాఫ్ పక్కపక్కన పెట్టుకుని చూశాకే డాక్టరుగారు మందు మార్చారు. పొద్దున ఒకసారి వేలు గుచ్చుకుని చూసుకుంటే ఇది బయటపడేది కాదు.

ఇక ఇబ్బందులు. సెన్సార్ కొలిచేది రక్తంలో కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలో. అందుకే షుగర్ వేగంగా మారుతున్నప్పుడు కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. కొత్త సెన్సార్ పెట్టిన మొదటి రోజు అంకెల్ని నేను లెక్కలోకి తీసుకోను. ఆ చేతివైపు ఒత్తిగిలి పడుకుంటే ఉత్తుత్తినే 60 చూపించి అలారం మోగుతుంది, ఇంట్లో అందరికీ టెన్షన్. ఒంట్లో తెలిసేదానికీ అంకెకూ పొంతన లేకపోతే గ్లూకోమీటరుతో చూసుకోవాల్సిందే. విటమిన్ సి మాత్రలు ఎక్కువ మోతాదులో వేసుకుంటే కొన్ని సెన్సార్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. మే నెల ఉక్కపోతకు అంచులు ఊడతాయి, పైన మెడికల్ టేపు వేసుకోండి.

రెండు వారాల సెన్సార్‌కు వేలల్లో ఖర్చు. మాత్రల మీద ఉన్నవాళ్లకు ఏడాది పొడవునా అక్కర్లేదనే నా అభిప్రాయం. నేను హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష)కు ముందు రెండు వారాలు, మందు మారినప్పుడు మరోసారి పెట్టుకుంటాను. 70–180 మధ్య గడిచిన సమయం 70 శాతం దాటిందా అన్నదే రిపోర్టులో ముందు చూస్తాను. ఇన్సులిన్ వాడేవాళ్ల సంగతి వేరు. టైప్ 1 షుగర్ (ఇన్సులిన్ తప్పనిసరైన రకం) ఉన్న పిల్లలున్న ఇంట్లో నిద్రలో షుగర్ పడిపోతే లేపే అలారం ఉండి తీరాలి. వాళ్లు మాత్రం వేరే ఏ ఖర్చు తగ్గించుకునైనా దీన్ని ఆపకుండా వాడాలి.