జీఎఫ్‌ఓ రియాక్టర్: చాలాకాలం వాడాక

ఉప్పునీటి ట్యాంకులో రాళ్ల మీద జుట్టులా పెరిగే పచ్చపాచికి జీఎఫ్‌ఓ, అంటే పాచికి మేతైన ఫాస్ఫేట్‌ను నీళ్లలోంచి పట్టుకునే ఐరన్ ఆక్సైడ్ గింజలు, నిజంగానే పనిచేస్తుంది. కాకపోతే అది శుభ్రం చేసేది నీళ్లనే, పాచిని కాదు. ఈ తేడా పట్టించుకోకుండా పెట్టినవాళ్లే నెల తిరక్కుండా దండగని తీసి పక్కన పడేస్తారు.

పాచి దట్టంగా ఉన్నప్పుడు ఫాస్ఫేట్ టెస్టు చాలాసార్లు సున్నా చూపిస్తుంది. నీళ్లలోకి వచ్చిందాన్ని వచ్చినట్టే పాచి పీల్చేసుకుంటోంది మరి. కాబట్టి ముందు చేత్తో పీకాలి. తెగిన ముక్కలు తేలిపోయి ఇంకోచోట అంటుకోకుండా, పీకుతూనే సన్నటి ట్యూబుతో సైఫన్ చేయాలి. ఈ గింజల్లోంచి నీళ్లు పారించే గొట్టం, అంటే రియాక్టర్, దాని పని ఆ తర్వాతే.

మామూలు రకం మీడియా (ఈ గింజలే) ట్యాంకులోని ప్రతి 15 లీటర్లకు ఒక టేబుల్‌స్పూన్, హై కెపాసిటీ రకమైతే అందులో సగం. మొదటిసారి దానిలోనూ సగమే వేయండి. ఎక్కువగా ఉన్న ఫాస్ఫేట్ రెండు మూడు రోజుల్లో పడిపోతే అక్రోపోరాలాంటి కోరల్స్ మొదట్లోంచి కండ వదిలేయడం మొదలుపెడతాయి. ఆల్కలినిటీ కూడా కొంత తగ్గొచ్చు, ఆ వారం దాన్నీ చూసుకోండి.

కొత్త మీడియా నుంచి తుప్పురంగు నీళ్లు వస్తాయి. అవుట్‌లెట్ పైపును బకెట్లో పెట్టి, తేటనీళ్లు వచ్చేదాకా ఆర్‌ఓ నీళ్లతో కడగాలి. అసలు కిటుకంతా వాల్వు దగ్గరే ఉంది. పైపొర గింజలు మాత్రమే సన్నగా కదలాలి. వాల్వు ఎక్కువ తిప్పితే గింజలు ఒకదానికొకటి రాసుకుని పొడై ట్యాంకులోకి కొట్టుకొస్తాయి. మరీ తగ్గిస్తే మీడియా గడ్డకడుతుంది, నీళ్లు ఒక పక్కన సందు చేసుకుని జారిపోతాయి, మిగతాదంతా వృథా.

నెలకోసారి మార్చమని డబ్బా మీద రాసినదాన్ని నేను లెక్కచేయను. అవుట్‌లెట్ నీళ్లనూ ట్యాంకు నీళ్లనూ విడివిడిగా టెస్ట్ చేయండి. ట్యాంకులో 0.10, అవుట్‌లెట్లో 0.02 పీపీఎం ఉంటే మీడియా బతికే ఉంది. రెండూ సమానమైతే పారేయండి. మొదటి బ్యాచ్ వారంలోనే అయిపోయినా కంగారు అక్కర్లేదు. రాళ్లు ఇన్నాళ్లూ పట్టి ఉంచుకున్న ఫాస్ఫేట్‌ను ఇప్పుడు వదులుతున్నాయి. కొలవడానికి హన్నా హెచ్‌ఐ736 మీటరు బాగుంటుంది. అది చూపేది ఫాస్ఫరస్, పీపీబీలో. 3.066తో గుణించి వెయ్యితో భాగించాలి. 20 వస్తే దాదాపు 0.06 పీపీఎం ఫాస్ఫేట్ అన్నమాట. నీళ్లు పోసి టెస్ట్ చేసే సీసా మీద వేలిముద్ర ఉన్నా అంకె మారిపోతుంది.

నాకు నచ్చనిదల్లా, దీనికి ఎక్కడ ఆగాలో తెలియదు. ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంటే చాలు. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు పడితే బుడగలతో తీగలు సాగే గోధుమరంగు జిగురు, అంటే డైనోలు (డైనోఫ్లాజెల్లేట్‌లనే సూక్ష్మజీవులు), పట్టుకునే ప్రమాదం ఉంది. వాటితో పోలిస్తే పచ్చపాచే నయం. ఆ జిగురు కనిపిస్తే రియాక్టర్ కట్టేయండి.

నైట్రేట్‌ను ఇది ముట్టుకోదు. ఈకల్లా పెరిగే బ్రయాప్సిస్ అనే పాచికి దీన్ని నమ్ముకుని లాభం లేదు. గాజుకు గోధుమరంగు పొడిలా పట్టే డయాటమ్‌లు తగ్గకపోతే ముందు ఆర్‌ఓ డీఐ (ఆర్‌ఓ తర్వాత రెసిన్‌తో మళ్లీ వడకట్టిన) నీళ్ల టీడీఎస్, అంటే కరిగిన లవణాల లెక్క, చూడండి. సున్నా దాటితే మార్చాల్సింది డీఐ రెసిన్‌ను. చిన్న ట్యాంకుకు రియాక్టరే అక్కర్లేదు, సంప్‌లో (ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టిలో) నీళ్లు బాగా పారేచోట మీడియాను మెష్ సంచిలో పెట్టి, గడ్డకట్టకుండా అప్పుడప్పుడు పిసుకుతుంటే సరిపోతుంది.