పాలపిట్ట గూడు: బైనాక్యులరా, ట్రైల్ కెమెరానా?

పాలపిట్టలు ఎండాకాలంలో మొండి తాటిచెట్ల తొర్రల్లో గుడ్లు పెడతాయి. వాటిని ఎలా గమనించాలి: బైనాక్యులర్‌తోనా, కదలిక కనబడగానే తనంతట తానే ఫోటో తీసే ట్రైల్ కెమెరాతోనా?

ఖర్చు: 8×42 బైనాక్యులర్ (8 రెట్లు దగ్గరగా చూపేది, ముందు కటకం 42 మి.మీ.) ఒకసారి కొంటే ఏళ్లపాటు వస్తుంది. కెమెరాకు బ్యాటరీలు, మెమరీ కార్డులు, పైగా ఎవరైనా ఎత్తుకుపోతారన్న టెన్షన్.

శ్రమ: బైనాక్యులర్‌తో ఎండలో గంటలు కూర్చోవాలి. కెమెరాకు ఆ బాధ లేదు.

రిస్క్: నా దృష్టిలో అసలు విషయం ఇదే. కెమెరా బిగించడానికి చెట్టెక్కితే పొదిగే పిట్ట గుడ్లు వదిలేయొచ్చు. దూరంగా కూర్చుంటే అది మిడతను ముక్కున కరుచుకుని కరెంటు తీగ మీద వాలడం, అటూ ఇటూ చూసి నీలి రెక్కలు మెరిపిస్తూ తొర్రలో దూరడం కళ్లారా చూడొచ్చు.

పొదిగే 17–19 రోజులూ బైనాక్యులరే మేలు. పిల్లలకు రోజుకెన్నిసార్లు మేత తెస్తున్నాయో లెక్క కావాలంటే, అనుమతి తీసుకుని కెమెరాను పక్క చెట్టుకు కట్టండి.