రే లేక్స్ లూప్‌లో బేర్ బాక్సులున్న మజిలీలు

కాలిఫోర్నియాలో కింగ్స్ కాన్యన్ నేషనల్ పార్కులోని రే లేక్స్ లూప్ అనే కొండదారి నడక దాదాపు 66 కిలోమీటర్లు. రోడ్స్ ఎండ్ దగ్గర మొదలై అక్కడికే తిరిగొస్తుంది. దారిలో చాలా మజిలీల్లో పార్కువాళ్లు ఇనుప బేర్ బాక్సులు, అంటే ఎలుగుబంట్లకు అందకుండా తిండి దాచుకునే పెట్టెలు, పెట్టారు. అలాగని క్యానిస్టర్ (ఎలుగు తెరవలేని గట్టి తిండి డబ్బా) లేకుండా వెళ్లడం కుదరదు, ఈ లూప్‌లో అది తప్పనిసరి. గుడ్డతో చేసిన ఉర్సాక్ సంచులు చెల్లవు. బాక్సు అందరిదీ, మీరు చేరేసరికి నిండిపోయి ఉండొచ్చు.

బాక్సు బాగా అక్కరకొచ్చేది మొదటి రాత్రి, ప్యారడైజ్ వ్యాలీలో. 11.5 లీటర్ల బేర్‌వాల్ట్ 500 అనే క్యానిస్టర్‌లో ఎంత కుక్కినా ఒక మనిషికి ఆరు రోజుల తిండి పడితే గొప్ప. మొదటి రోజు తినేవి, పేస్టు, సన్‌స్క్రీన్, కొబ్బరినూనె లాంటి వాసన సరుకులు అందులో పట్టక మిగిలిపోతాయి. రోడ్స్ ఎండ్ నుంచి ఆ లోయలోని లోయర్ ప్యారడైజ్ మజిలీ సుమారు 11 కిలోమీటర్లే కాబట్టి, పొద్దున్నే బయల్దేరితే బాక్సులో చోటు దొరికే అవకాశం ఎక్కువ.

వేలాడే వంతెన ఉన్న వుడ్స్ క్రీక్ దగ్గర జాన్ మ్యూర్ ట్రైల్ అనే పేరున్న దూరపు నడకదారి కలుస్తుంది. అందుకే సాయంత్రానికి అక్కడి బాక్సు దగ్గర రద్దీ. యారోహెడ్ లేక్, రే లేక్స్ దగ్గరా బాక్సులున్నాయి. అక్కడ డేరా మాత్రం బాక్సు పక్కన వేయకండి. గ్లెన్ పాస్ అనే కనుమ ఎక్కేవాళ్లు తెల్లవారకముందే బాక్సు తీస్తారు, ఆ ఇనుప మోతకు నిద్ర పట్టదు. తిండి వాసనా అక్కడే ఉంటుంది. పాస్ దిగాక విడెట్ మెడో, జంక్షన్ మెడోల్లో బాక్సులున్నాయి. షార్లెట్ లేక్‌లోనూ ఉంది గానీ, బాక్సు కోసమే దారి మళ్లి అంత దూరం పోనక్కర్లేదు.

వంట చేసేటప్పుడు కూడా బాక్సు తలుపు మూసే ఉంచాలి. గొలుసుకు క్లిప్పు ఉంటే గొళ్లెంలో పూర్తిగా పడిందో లేదో లాగి చూడండి. సగం పడితే ఎలుగు దాకా అక్కర్లేదు, ఎలుకలే దూరిపోతాయి. సొంత తాళం వేయకూడదు.

మన తిండితో వచ్చే చిక్కు ఆవకాయ. ఎత్తుకు పోయేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి మూసిన ప్యాకెట్లు ఉబ్బుతాయి, సందు దొరికితే నూనె కారుతుంది. బదులుగా కారప్పొడి, నువ్వులపొడి తీసుకెళ్లండి. జంతికలు విరిచి పోస్తే చోటు సగానికి తగ్గుతుంది. రే లేక్స్ ఎత్తున, అంటే 3,200 మీటర్ల దగ్గర, నీళ్లు 90 డిగ్రీలకే మరుగుతాయి. బియ్యం ఉడికేలోపు గ్యాస్ అయిపోతుంది, అటుకులు, ఉప్మా రవ్వే మేలు.

రాత్రి క్యానిస్టర్‌ను డేరాకు 30 మీటర్ల దూరంలో, చదునైన చోట, ఏటికీ లోయకీ ఎడంగా పెట్టండి. తాడు కట్టొద్దు, ఎలుగు దాన్నే పట్టుకుని ఈడ్చుకుపోతుంది. చలికి బేర్‌వాల్ట్ మూత బిగుసుకుంటుంది. మరల్లో ఇసుక చేరితే ఇంకా మొండికేస్తుంది, మూసేముందు అంచు తుడవండి.

మిగిలిన తిండి వెనకొచ్చేవాళ్లకు పనికొస్తుందని బాక్సులో వదిలేయకండి. అది చెత్త కిందే లెక్క, పైగా వాళ్ల చోటు తినేస్తుంది.