సభా హక్కులు: చట్టంగా రాసుకుంటే మేలా, రాయకుండా ఉంచితే మేలా?

ఎంపీల హక్కుల విషయంలో భారత్, ఆస్ట్రేలియా ఒకే చోట మొదలయ్యాయి. పార్లమెంటు చట్టం చేసేదాకా బ్రిటన్ దిగువ సభ అయిన కామన్స్ సభకు ఉన్న హక్కులే వర్తిస్తాయని మన రాజ్యాంగం 105(3) అధికరణం చెప్పింది. ఆస్ట్రేలియా రాజ్యాంగం 49వ సెక్షన్‌లోనూ అదే ఉంది. వాళ్లు 1987లో చట్టం చేశారు. మనం 1978లో 44వ సవరణతో కామన్స్ పేరు తీసేసి, అప్పటిదాకా ఉన్న హక్కులే కొనసాగుతాయని రాసి ఊరుకున్నాం.

సభలో అన్న మాటకు, వేసిన ఓటుకు కోర్టు కేసు ఉండదన్నది రెండు చోట్లా ఉంది. లంచానికి మాత్రం ఈ రక్షణ దక్కదని 2024 మార్చి 4న మన సుప్రీంకోర్టు తేల్చి, 1998 నాటి తీర్పును పక్కన పెట్టింది.

అరెస్టు నుంచి రక్షణ సివిల్ కేసులకే. మన దగ్గర సమావేశాలకు ముందూ వెనుకా 40 రోజులు, అక్కడ 5 రోజులు. క్రిమినల్ కేసులో ఎంపీ అయినా అరెస్టు తప్పదు.

అసలు తేడా సభా హక్కులను ఉల్లంఘించినవారికి సభ వేసే శిక్షలో. 1955లో ఆస్ట్రేలియా ప్రతినిధుల సభ, ఒక ఎంపీపై పత్రికలో వచ్చిన రాతలకు ఇద్దరిని మూడు నెలలు జైలుకు పంపింది. వారంటులో కారణాలు లేనందున అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు లోతుకు వెళ్లలేకపోయింది. 1987 చట్టం ఈ లోపాన్ని సరిచేసింది: వారంటులో తప్పేమిటో రాయాలి, జైలు 6 నెలలు మించకూడదు, జరిమానా వ్యక్తికి 5,000 డాలర్లు, సంస్థకు 25,000 దాటకూడదు. సభ బయట చేసిన విమర్శ పరువు తీసేలా ఉందన్న ఒక్క కారణంతో అది సభాధిక్కారం కాదు.

మన దగ్గర ఏది ఉల్లంఘనో చెప్పే చట్టం లేదు. సభ ప్రొరోగ్ అయితే, అంటే సమావేశాలు అధికారికంగా ముగిస్తే, జైలు శిక్ష ముగుస్తుంది, అంతే. రాసేముందు తప్పేదో విలేకరికి తెలియకపోవడం అన్యాయం.

చట్టం చేస్తే అది 13వ అధికరణం కిందికి వస్తుంది. ప్రాథమిక హక్కులను దెబ్బతీస్తే కోర్టు కొట్టేయవచ్చు. సభలు వెనకాడటానికి పెద్ద కారణం ఇదేనని నా అభిప్రాయం. పౌరుడికి మేలు చేసేదీ ఇదే.

అయితే ఆస్ట్రేలియా చట్టం 8వ సెక్షన్ మనకొద్దు. అది సభ్యుడిని బహిష్కరించే అధికారాన్ని సభకు లేకుండా చేసింది. ప్రశ్నలడగడానికి డబ్బు తీసుకున్న 11 మంది ఎంపీలను 2005 డిసెంబరులో మన సభలు బయటికి పంపగలిగాయంటే, 2007లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించిందంటే, ఆ అధికారం ఉన్నందువల్లే.