స్ట్రీట్ ట్రిపుల్: పాత 675 ఆ, 765 ఆర్‌ఎస్ ఆ?

రెండూ ట్రయంఫ్ కంపెనీ మూడు సిలిండర్ల నేకెడ్ బైకులే (అంటే ఇంజిన్ చుట్టూ ఫెయిరింగ్ కవర్లు లేనివి), ఆర్‌ఎస్ అంటే 765లో పై వేరియంట్, 675 వచ్చింది 2007లో, 765 వచ్చింది 2017లో.

రేటు: సెకండ్ హ్యాండ్‌లో 675 బాగా తక్కువకొస్తుంది, కానీ మిగిలిన డబ్బుల్లో కొంత టైర్లకి, చైన్‌కి, ఫోర్క్ సీళ్లకి (ముందు సస్పెన్షన్‌లో ఆయిల్ కారకుండా ఆపేవి) పక్కన పెట్టుకోండి, కొనేముందు బ్యాటరీకి మీటర్ పెట్టి చార్జింగ్ చూడండి, బ్యాటరీకి వెళ్లే చార్జింగ్‌ని అదుపు చేసే రెక్టిఫయర్ పోవడం దీనికి పాత జబ్బే.

నడపడం: 675కి యాక్సిలరేటర్ కేబుల్‌తోనే (కేబుల్ థ్రాటిల్), రైడింగ్ మోడ్స్ గోల లేదు, కొంతమందికి అదే పిచ్చి. 765 ఆర్‌ఎస్‌లో క్విక్‌షిఫ్టర్, క్లచ్ పట్టకుండానే గేర్ పడిపోద్ది, వానలో శ్రీశైలం ఘాట్ ఎక్కితే వెనక చక్రం జారకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ విలువ తెలుస్తుంది. సస్పెన్షన్ మాత్రం మన గుంతలకి గట్టిదే.

పవర్: 2023 ఆర్‌ఎస్‌కి 130 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే). హైదరాబాద్ ఓఆర్‌ఆర్ మీదకి బైకులే రానివ్వరు, ఎక్కడ వాడతారో మరి!

స్పానర్ పట్టే అలవాటుంటే 675, రోజూ ఆఫీసుకెళ్లాలి, వారంటీ కావాలంటే 765.