స్కూల్లో రీడింగ్ గ్రూపా, ఈఎస్ఎల్లా, ఐఈపీనా, బయట ట్యూషనా: ఏది మేలు?

అక్టోబర్ వచ్చిందంటే చాలు, నా వాట్సాప్‌లో ఇదే గోల. "అక్కా, పాప బ్యాగ్‌లో లెటర్ పెట్టి పంపారు, రీడింగ్ ఇంటర్వెన్షన్ అంట, టైటిల్ వన్ అంట, ఒప్పుకోవాలా వద్దా, దీనికంటే ట్యూషన్‌లో వేసేస్తే పోదా?" పోయినేడు ఇదే లెటర్ మా ఇంటికీ వచ్చింది, మావాడు అప్పుడు సెకండ్ గ్రేడ్. ఆ ఏడాదంతా నేను పడ్డ తిప్పలు ఒకచోట రాసి పెట్టేస్తే ఇక అడిగినవాళ్ళందరికీ ఇదే పంపెయ్యొచ్చని కూర్చున్నా. మేముండేది అమెరికాలో నార్త్ కరోలినా, మీ స్టేట్‌లో పేర్లు, తేదీలు కాస్త అటూ ఇటూ ఉంటాయి.

ముందు పరువు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మా ఇంట్లో మొదటి గొడవ అదే. లెటర్ చూడగానే మా ఆయన "ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, పేదపిల్లల స్కీమ్‌లో మనవాడేంటి" అన్నాడు. టైటిల్ వన్ అనేది పేదపిల్లలు ఎక్కువున్న స్కూళ్ళకి ఫెడరల్ గవర్నమెంట్ ఇచ్చే డబ్బు, 1965లో జాన్సన్ ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు వచ్చిన చట్టంలో మొదటి భాగం, ఇప్పటికి ఏడాదికి 18 బిలియన్ డాలర్లు దాటిన పద్దు. పేదరికం లెక్క చూసేది స్కూల్‌కి డబ్బు పంచేటప్పుడు. స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళు సాధారణంగా ఫ్రీ లంచ్ తినే పిల్లల లెక్క చూసుకుని ఏ స్కూల్‌కి ఎంతో తేలుస్తారు, ఆ డబ్బుతో స్కూల్ ఒక రీడింగ్ టీచర్నో ఇద్దర్నో పెట్టుకుంటుంది, ఆ టీచర్ దగ్గరికి ఎవరు వెళ్ళాలన్నది మాత్రం పిల్లవాడు ఎలా చదువుతున్నాడో చూసి నిర్ణయిస్తారు. మన జీతం ఎవరూ అడగరు. 40 శాతం, అంతకు మించి పేదపిల్లలున్న స్కూలైతే ఆ డబ్బు స్కూల్ మొత్తానికీ వాడుకోవచ్చు, అక్కడ వీళ్ళు టైటిల్ వన్ పిల్లలు, వాళ్ళు కాదు అనే గీతే ఉండదు. హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాళ్ళు "మన పేరు మీద గవర్నమెంట్ బెనిఫిట్ పడుతుందేమో" అని భయపడతారు, ఇందులో మన పేరు మీద అప్లికేషనే లేదు, డబ్బు వెళ్ళేది స్కూల్‌కి.

ఇక ఏది మేలు అంటే, నా లెక్కలో అంతా ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది: మీ పిల్లకి మాట చదవడం రావట్లేదా, చదివిన మాట అర్థం కావట్లేదా? ఈ రెండూ ఒకటే అనుకుని నేను నాలుగు నెలలు వేస్ట్ చేశా.

ఒక రాత్రి డైనింగ్ టేబుల్ దగ్గర మావాడు పుస్తకం చదువుతున్నాడు, బొమ్మలో గుర్రం, కింద "హార్స్" అని ఉంది, వీడు ఆగకుండా "పోనీ" అనేసి పేజీ తిప్పేశాడు. వెనక్కి తిప్పి, బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి మళ్ళీ చదవమన్నా. నోరు పెగల్లేదు. అప్పుడు ఆ లెటర్ వచ్చిన కవరు వెనకే ఇంగ్లీష్‌లో మూడు దొంగ మాటలు, అంటే అర్థం లేని ఉత్తుత్తి మాటలు రాశా: ఫిమ్, వోబ్, ట్రెగ్. ఫిమ్‌ని "ఫిల్మ్" అన్నాడు, ట్రెగ్‌ని "ట్రీ" అన్నాడు, వోబ్ దగ్గర నా మొహం చూశాడు. అంటే వీడికి మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేసుకోవడం అలవాటైపోయింది, దానికి తోడు అంతకుముందున్న స్కూల్లో "తెలియకపోతే బొమ్మ చూడు, ఏ మాటైతే సరిపోతుందో ఆలోచించు" అని నేర్పారు. గుణింతాలూ ఒత్తులూ పట్టుబడ్డాక క్రౌంచపక్షి అంటే ఏంటో తెలియకపోయినా మనం చదివి పడేసేవాళ్ళం కదా, అందుకే పిల్లలు ఇలా ఊహించి చదువుతారన్న సంగతి మన తల్లిదండ్రులకి తట్టదు, గడగడా చదువుతున్నాడు అనుకుంటాం.

ఈ దొంగ మాటల పరీక్ష నా సొంత తెలివి కాదు, ఇక్కడి స్కూళ్ళలో చిన్న క్లాసులకి ఏడాదికి మూడుసార్లు పెట్టే డిబెల్స్ టెస్టులో ఇదొక ముక్క. ఆ స్కోరు విడిగా చూపించమని అడగండి, రిపోర్టులో మొత్తం స్కోరుకి వేసే రంగు చూసి తృప్తిపడొద్దు.

టైటిల్ వన్ గ్రూప్ దగ్గరికొస్తే, మొదటి రకం, అంటే మాట చదవడమే రాని పిల్లలకి నా ఓటు దీనికే, దాపరికమేం లేదు. కానీ టైటిల్ వన్ అనేది డబ్బు పేరు, పాఠం పేరు కాదు. అదే డబ్బుతో ఒక స్కూల్ ధ్వనులు విడగొట్టి కలిపి చదవడం నేర్పిస్తుంది, ఇంకోటి నలుగుర్ని కూర్చోబెట్టి బొమ్మ చూసి ఊహించడమే ఇంకాస్త నేర్పిస్తుంది, ఇంటికొచ్చే లెటర్ మాత్రం రెండుచోట్లా ఒకేలా ఉంటుంది. బుష్ టైంలో 2002 చట్టంతో చిన్న క్లాసుల్లో చదవడం నేర్పడానికి రీడింగ్ ఫస్ట్ అనే స్కీమ్‌ని ఏడాదికి దాదాపు ఒక బిలియన్ పెట్టి నడిపారు, 2008లో లెక్క తీస్తే ఫస్ట్ గ్రేడ్ పిల్లలు మాటలు కూడబలుక్కుని చదవడం మెరుగైంది గానీ చదివింది అర్థం చేసుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు, స్కీమ్ మూతపడింది. చాలామంది దాన్ని ఫెయిల్ అంటారు, నాకైతే అందులో కనపడేది నేను పైన చెప్పిన రెండు ముక్కలే. మా నార్త్ కరోలినాలో 2021 చట్టం తర్వాత టీచర్లకి ధ్వనుల పద్ధతిలో ట్రైనింగ్ తప్పనిసరి చేశారు, అది మా అదృష్టం.

అందుకని ఒప్పుకునే ముందు టీచర్‌కి మెయిల్ పెట్టి అడగాల్సినవి అడగండి: గ్రూపులో ఎంతమంది, వారానికి ఎన్ని రోజులు, ఆ టైంలో క్లాసులో ఏది పోతుంది, చెప్పేది సర్టిఫికెట్ ఉన్న టీచరా అసిస్టెంటా. ఈ చివరిది అడగడానికి మొహమాటపడతారు మనవాళ్ళు, కానీ టైటిల్ వన్ స్కూల్లో టీచర్ అర్హతలు అడిగి తెలుసుకునే హక్కు తల్లిదండ్రులకి చట్టంలోనే ఉంది. మావాడి గ్రూపులో నలుగురు, వారానికి నాలుగు రోజులు, అరగంట. మొదట్లో సైన్స్ టైంలో తీసుకెళ్ళేవాళ్ళు, వాడు ఇంటికొచ్చి ఏడుపు, సీతాకోకచిలుకల డబ్బా వాడు లేనప్పుడే తెరిచారంట. అడిగితే టైం మార్చారు. జనవరిలో మళ్ళీ కవరు తీశా. ట్రెగ్‌ని ట్రెగ్ అనే చదివి, "అసలు ట్రెగ్ అంటే ఏంటమ్మా" అన్నాడు.

ఇప్పుడు ఈఎస్ఎల్, అంటే ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకి స్కూల్లో ఇంగ్లీష్ నేర్పే క్లాసు. స్కూల్లో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష అని ఒక ఫారం ఇస్తారు కదా, అందులో తెలుగు అని రాస్తే పిల్లకి ఇంగ్లీష్ టెస్ట్ పెడతారు, అందుకని "ఇంగ్లీష్ అని రాసెయ్యండి" అని సలహా ఇచ్చే మహానుభావులు మన గ్రూపుల్లో బోలెడు. అబద్ధం రాయకండి. నా ఫ్రెండ్ కూతురు విజయవాడ నుంచి థర్డ్ గ్రేడ్‌లో వచ్చింది, దొంగ మాటలు ఇరవై ఇస్తే ఇరవయ్యీ తప్పులేకుండా చదివింది, కథ చదివి చెప్పమంటే మాత్రం సున్నా, ఎందుకంటే ఆ కథంతా మంచులో స్లెడ్ మీద జారడం గురించి. ఆ పిల్లకి ధ్వనుల గ్రూపులో కూర్చోవడం దండగ, ఈఎస్ఎల్లే సరైనది. వద్దని రాసిచ్చే హక్కు మనకుంది గానీ, వద్దన్నా ఇంగ్లీష్ వచ్చిందని తేలేదాకా ఏటా ఆ టెస్ట్ రాయాల్సిందే. ఇది తీసుకుంటే అది పోతుందని కూడా లేదు, అవసరమైతే ఒకే పిల్లకి ఈఎస్ఎల్, టైటిల్ వన్ రెండూ ఇవ్వొచ్చు.

ఐఈపీ, అంటే స్పెషల్ ఎడ్యుకేషన్ కింద ఒక్కో పిల్లకి స్కూల్ రాసిచ్చే ప్లాన్, అనగానే మనవాళ్ళు బిగుసుకుపోతారు, స్పెషల్ ఎడ్ అంటే మావాడు మొద్దా అని. అక్షరాలు, మాటలు చదవడం కష్టమయ్యే డిస్‌లెక్సియాకీ తెలివికీ సంబంధం లేదు. ఎనిమిది పది వారాలు మంచి గ్రూపులో కూర్చున్నాక కూడా స్కూల్ వాళ్ళు చూపించే స్కోర్ల గ్రాఫ్‌లో గీత లేవకపోతే ఇక "ఇంకొన్నాళ్ళు చూద్దాం" అనే మాట వినకండి, ఎవాల్యుయేషన్, అంటే పిల్లకి డిసేబిలిటీ ఉందా అని తేల్చే పరీక్షలు కావాలని రాతపూర్వకంగా అడగండి, నోటిమాటగా అడిగితే ఆ రోజు నుంచి గడువు లెక్క మొదలవదు. ఫెడరల్ రూల్ ప్రకారం మనం ఒప్పుకుని సంతకం పెట్టాక 60 రోజుల్లో ఆ పరీక్షలు అయిపోవాలి, స్టేట్లు సొంత గడువు పెట్టుకోవచ్చు, మా దగ్గర రాసిచ్చిన రోజు నుంచి 90 రోజుల్లో మొత్తం తేల్చాలి. ఖర్చు స్కూల్‌దే. "ముందు ఇంటర్వెన్షన్ పూర్తి కానివ్వండి" అని దీన్ని ఆపకూడదని ఫెడరల్ ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ 2011లోనే స్టేట్లకి రాసింది. ఇంకోటి వినిపిస్తుంది, "ముందు ఇంగ్లీష్ రానివ్వండి" అని. ఇంగ్లీష్ రాకపోవడమే అసలు కారణమైతే డిసేబిలిటీ అని తేల్చకూడదన్నది నిజమే, కానీ తెలుగులోనూ అదే తంటా ఉందా లేదా అన్నది చెప్పాల్సింది మనమే. ఇంట్లో గుణింతం నేర్పితే ఎంతకీ ఎక్కకపోవడం, మాటలు ఆలస్యంగా రావడం, మాటలో అక్షరాలు అటూ ఇటూ అవడం, మేనమామకో తాతకో చదువు దగ్గర ఇదే బాధ ఉండటం, ఇవన్నీ ఆ మెయిల్‌లో రాయండి. మావాడికి అంతదాకా రాలేదు. మా కజిన్ మాత్రం నామోషీతో రెండేళ్ళు ఆగింది, పిల్ల ఫోర్త్ గ్రేడ్‌కి వచ్చాక అడిగింది, ఇప్పటికీ ఆ రెండేళ్ళ గురించి బాధపడుతుంది.

బయట ట్యూషన్ అంటే, వర్క్‌షీట్ల సెంటర్‌కి మేమూ మూడు నెలలు కట్టాం. చదవడం వచ్చిన పిల్లకి స్పీడ్ పెరుగుతుందేమో, రాని పిల్ల అక్కడ కూడా ఊహించే రాస్తుంది. ధ్వనుల పద్ధతిలో ఒక్కరికే కూర్చోబెట్టి చెప్పే ట్యూటర్లు వేరే, బాగుంటారు, గంటకి వాళ్ళడిగేది వింటే మాత్రం కళ్ళు తిరుగుతాయి. స్కూల్ అయ్యాక అక్కడే నడిచే ఫెడరల్ గ్రాంట్ ప్రోగ్రాములు కొన్నిచోట్ల ఉన్నాయి, ఇద్దరూ ఉద్యోగాలైతే పిల్లకి ఓ నీడ, హోంవర్క్ అయిపోతుంది, రీడింగ్‌కి దాని మీద ఆశ పెట్టుకోలేం. యాప్‌ల గురించి అడగొద్దు.

లెటర్ వెనక్కి పంపేముందు ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి, తేదీ కనపడేలా. పది వారాలు ఎప్పటికి అయ్యాయో లెక్కపెట్టుకోవడానికి నాకు చివరికి పనికొచ్చింది ఆ ఫోటోనే.